ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంట్ ట్రైనింగ్: ఫీజు కట్టేముందు ఏం చూసుకోవాలి?

ప్రశ్న: మా చెల్లి ఇంటర్ బైపీసీ పాసై రెండేళ్లయింది. మేం ఉప్పల్‌లో ఉంటాం. ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంట్ అయితే మంచి ఉద్యోగం, అమెరికా కూడా రావచ్చు అని డల్లాస్‌లో ఉండే మా పిన్ని అంటోంది. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆరు నెలల కోర్సు ఉందన్నారు. చేర్పించమంటారా?

జవాబు:

సూటిగా చెప్తాను. మీ చెల్లికి ఇంకో నాలుగైదేళ్లు చదివే వీలు ఏ కాస్త ఉన్నా ఆక్యుపేషనల్ థెరపీ (జబ్బు వల్లో ప్రమాదం వల్లో రోజువారీ పనులు చేసుకోలేనివాళ్లు మళ్లీ చేసుకునేలా చేసే చికిత్స) డిగ్రీయే చదివించండి, దాన్ని బీఓటీ అంటారు. ఇంట్లో పరిస్థితి అందుకు ఒప్పుకోకపోతే అసిస్టెంట్‌గా చేరడంలో తప్పేమీ లేదు. నేను ఆ దారిలోనే వచ్చాను, దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక పిల్లల థెరపీ సెంటర్‌లో పనిచేస్తున్నాను, ఈ పనంటే నాకు ప్రాణం. కాకపోతే ఆరు నెలల సర్టిఫికెట్‌ని చూసి మాత్రం డబ్బు కట్టకండి. ఆ ఆరు నెలలూ మీ చెల్లి పక్కన నిలబడి చెయ్యి పట్టి నేర్పించే థెరపిస్ట్ ఎవరు, రోజుకు ఎన్ని గంటలుంటారు అన్నది చూసి కట్టండి. నేను ఎంత రాసినా చివరికి చెప్పాలనుకున్నది ఇదే.

ముందు అమెరికా సంగతి తేల్చేద్దాం. మీ పిన్నిగారు చెప్పింది నిజమే, కానీ అది అక్కడి లెక్క. అక్కడ అసిస్టెంట్ అనేది విడిగా లైసెన్సు ఉన్న ఉద్యోగం. ఏసీఓటీఈ అనే సంస్థ గుర్తించిన కాలేజీలో, మామూలుగా అయితే రెండేళ్ల కోర్సు చదవాలి. అందులో కనీసం 16 వారాలు ఆస్పత్రుల్లోనో స్కూళ్లలోనో ఫుల్ టైమ్ ఫీల్డ్‌వర్క్ ఉంటుంది. అదయ్యాక ఎన్‌బీసీఓటీ అనే జాతీయ సంస్థ పెట్టే పరీక్ష పాసవ్వాలి, ఆపైన ఏ రాష్ట్రంలో పనిచేస్తే ఆ రాష్ట్రం లైసెన్సు తీసుకోవాలి. ఆ అసిస్టెంట్ పరీక్షకు కూర్చోవాలంటే ఆ గుర్తింపు ఉన్న కోర్సే చదివి ఉండాలి, హైదరాబాద్‌లో ఇచ్చే ఆరు నెలల కాగితం అక్కడ పనికిరాదు. మన దేశంలో పూర్తి థెరపిస్ట్‌గా చదివినవాళ్లకు వేరే దారి ఉంది, తమ చదువును ఆ ఎన్‌బీసీఓటీ వాళ్లచేత మదింపు చేయించుకుని వెళ్లేది, అది పెద్ద ప్రక్రియ. కాబట్టి ఇన్‌స్టిట్యూట్ వాళ్లు అమెరికా, కెనడా పేర్లు ఎత్తితే అక్కడే లేచి వచ్చేయండి.

ఇక మన దగ్గర. 2021లో అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం వచ్చింది, ఆక్యుపేషనల్ థెరపీ దాని పరిధిలోకి వస్తుంది. ఆ చట్టం ప్రకారం అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలన్నా చదువు కనీసం 2,000 గంటలు ఉండాలి, అదీ రెండేళ్లకు తగ్గకుండా. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ (అంటే థెరపిస్ట్ లాంటివాళ్లు) అయితే కనీసం 3,600 గంటలు. ఇప్పుడు మీకు చెప్పిన కోర్సును దీని పక్కన పెట్టి చూడండి. రోజుకు మూడు గంటలు, వారానికి ఆరు రోజులు, ఆరు నెలలు అనుకుందాం, అంతా కలిపి ఐదొందల గంటలు కూడా కాదు. పైగా అమెరికాలో లాగా అసిస్టెంట్‌కి విడిగా లైసెన్సు మన దగ్గర లేదు. అందుకని ఇక్కడ అసిస్టెంట్ అంటే ఒక థెరపిస్ట్ కింద, ఆమె చెప్పిన ప్లాన్ ప్రకారం పనిచేసే మనిషి. ఆ మాటను మీ చెల్లి ముందే మనసులో పెట్టుకోవాలి.

డిగ్రీ గురించి రెండు మాటలు. చాలామంది ఇదేదో కొత్తగా వచ్చిన కోర్సు అనుకుంటారు, కాదు. ముంబైలోని కేఈఎం ఆస్పత్రిలో 1950లోనే కమలా నింబ్కర్ గారు ఆక్యుపేషనల్ థెరపీ స్కూలు పెట్టారు. ఈ వృత్తికి మన దేశంలో ఉన్న సంఘం, ఏఐఓటీఏ, 1952 నుంచి ఉంది. అయినా మన హైదరాబాద్‌లో ఫిజియోథెరపీ కాలేజీలు కనిపించినంతగా బీఓటీ సీట్లు కనిపించవు, అందుకే మనవాళ్లు బయటికి వెళ్లి చదువుతారు. కటక్ దగ్గర ఓలత్‌పూర్‌లో ఉన్న స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థ, కోల్‌కతాలో లోకోమోటర్ డిజెబిలిటీస్ (కదలికల వైకల్యం) జాతీయ సంస్థ, ఢిల్లీలో దీన్‌దయాళ్ ఉపాధ్యాయ సంస్థ, ఇవన్నీ కేంద్ర ప్రభుత్వానివి, ఫీజు ప్రైవేటు కాలేజీలంత ఉండదు. వెల్లూరు సీఎంసీలో కూడా ఉంది. కటక్ అనగానే అమ్మానాన్నలు భయపడతారు గానీ సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా కటక్‌లోనే దిగొచ్చు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నర నుంచి ఐదేళ్లు పడుతుంది. అడ్మిషన్ రూల్స్, ఎంట్రన్స్ పద్ధతి కొత్త చట్టం వచ్చాక మారుతున్నాయి కాబట్టి పాత వీడియోలు చూసి నిర్ణయం తీసుకోకండి, ఆయా సంస్థల వెబ్‌సైట్‌లో ఈ ఏడాది నోటిఫికేషన్ తెరిచి చదవండి. ప్రైవేటు కాలేజీ అయితే ఏఐఓటీఏ గుర్తింపు, ప్రపంచ సమాఖ్య డబ్ల్యూఎఫ్‌ఓటీ గుర్తింపు ఉన్నాయా అని అడగండి. ఆ సమాఖ్య ప్రమాణం ప్రకారం థెరపిస్ట్ చదువులో పేషెంట్లతో ప్రాక్టీసే కనీసం 1,000 గంటలు ఉండాలి.

ఇదంతా కుదరదు, ఇప్పుడే ఏదో ఒక పనిలో చేరాలి అనుకుంటే, అసలు ఈ పని ఏమిటో చెప్తాను. ఎందుకంటే బ్రోచర్‌లో రంగురంగుల బంతులు, ఉయ్యాలలు చూసి పిల్లలతో ఆడుకునే ఉద్యోగం అనుకుని వచ్చి నెల తిరక్కుండా మానేసినవాళ్లను చాలామందిని చూశాను.

ఆక్యుపేషనల్ థెరపీలో అసలు విషయం రోజువారీ పనులు. తినడం, స్నానం, బట్టలు వేసుకోవడం, బాత్రూమ్‌కి వెళ్లడం, రాయడం, తిరిగి ఉద్యోగానికి వెళ్లగలగడం. జబ్బు వల్లో, ప్రమాదం వల్లో, పుట్టుకతోనో ఇవి చేసుకోలేని మనిషి తన పని తాను చేసుకునేలా చేయడం. పుస్తకాల్లో చాలావరకు ఫోర్కు, స్పూను, కమోడ్ ఉంటాయి, మన ఇళ్లలో పప్పన్నం, నాడా పైజమా, నేలమీద కూర్చునే బాత్రూమ్ ఉంటాయి. ఈ తేడా తరగతి గదిలో తెలిసేది కాదు, థెరపిస్ట్ వెంట ఇంటికి వెళ్లినప్పుడే తెలుస్తుంది.

మా సెంటర్ థెరపిస్ట్ మేడమ్ వారంలో కొన్ని సాయంత్రాలు పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్తారు, సాయానికి నన్ను తీసుకెళ్తారు. సైదాబాద్‌లో ఒక పెద్దాయన, పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఎడమ చేత్తో తినడం అలవాటు చేద్దామంటే ఆయన కంచం తోసేశారు. "ఎడమ చేత్తో అన్నం ముట్టమంటవా బిడ్డా" అని నా వైపు చూసి అన్నారు, ఆయన గొంతులో కోపం కంటే అవమానమే ఎక్కువుంది. మేడమ్ వాదించలేదు. కోడలిని అడిగి అంచు ఎత్తుగా ఉన్న స్టీలు పళ్లెం తెప్పించారు, జారకుండా దానికింద తడిగుడ్డ పరిచారు, స్పూన్ కాడకు గుడ్డ చుట్టి లావు చేశారు పట్టు దొరకడానికి. అన్నం పప్పుతో కొంచెం ఎక్కువ మెదిపి కలపమన్నారు. పడిపోయిన కుడిచేతిని ఒళ్లో వదిలెయ్యకుండా బల్లమీద పళ్లెం పక్కనే ఆనించి పెట్టించారు, పళ్లాన్ని పట్టుకునే పని దానికి అప్పగించినట్టు. స్పూన్‌తో అయితే ఎడమచెయ్యి అన్నానికి తగలదు కదా, ఆయన ఒప్పుకున్నారు.

అక్కడ నా పని ఏమిటంటే, ఆయనకు కుడివైపు కూర్చుని చూడటం. నడుము నిటారుగా ఉందా, పక్కకు ఒరుగుతున్నారా, మెతుకులు కుడి బుగ్గలో ఉండిపోతున్నాయా, నీళ్లు తాగాక దగ్గు వస్తోందా, గొంతు తడితడిగా వినిపిస్తోందా. దగ్గు వస్తే వెంటనే ఆపి మేడమ్‌కి చెప్పాలి, ఎందుకంటే మింగడంలో ఇబ్బంది ఉంటే తిండి, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నోటికి అందించడం నా పని కాదు, చేతులు కట్టుకుని కూర్చోవడం రావాలి. సాయం చేయాలని మనసు పీకుతుంటే ఆగి ఉండటం, కానీ కళ్లు మాత్రం ఒక్క క్షణం కూడా తిప్పకపోవడం, ఈ పనిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించేది అదే. కొన్నాళ్లకు ఆయన మనవడితో పాటు కూర్చుని తిన్నారని కోడలు ఫోన్ చేసి చెప్పినప్పుడు మేడమ్ ఫోన్ స్పీకర్‌లో పెట్టి నాకూ వినిపించారు.

అలాంటివారిని మంచం మీంచి వీల్‌చైర్‌లోకి మార్చడం కూడా నేర్చుకోవాలి, అది బలంతో అయ్యే పని కాదు. ముందు కుర్చీ బ్రేకులు వెయ్యాలి, ఫుట్‌రెస్టులు పైకి తియ్యాలి, కుర్చీని బాగున్న చెయ్యివైపు పెట్టాలి, మనం మోకాళ్లు వంచి నిలబడాలి, నడుము వంచి ఎత్తితే ఏడాదిలో మన నడుము పోతుంది. పడిపోయిన చెయ్యి పట్టుకుని మాత్రం ఎప్పుడూ లాగకూడదు, కండరాల పట్టు లేని భుజం కీలు జారిపోతుంది. మన ఇళ్లలో అందరూ చేసేది సరిగ్గా అదే, ప్రేమతోనే, చంక కిందనో చెయ్యి పట్టో లేపుతారు. చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు అది చివర. ఇవన్నీ వింటే తేలికే, పేషెంట్ బరువు మన మీద పడినప్పుడు గుర్తు రావాలంటే మాత్రం పక్కన ఒకరు నిలబడి మళ్లీ మళ్లీ సరిదిద్ది ఉండాలి.

పిల్లల దగ్గరికొస్తే, మా సెంటర్‌లో ఎక్కువమంది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికల్లో ఇబ్బంది) ఉన్నవాళ్లు, ఎదుగుదల ఆలస్యమైన పిల్లలు. ఒక బాబుకి నిక్కరు వేసుకోవడం రాదు, అమ్మ రోజూ వేసేస్తుంది, పొద్దున్నే స్కూల్ ఆటో వచ్చి హారన్ కొడుతుంటే ఆమె మాత్రం ఏం చేస్తుంది. దీన్ని చివరి నుంచి మొదలుకు నేర్పుతాం. అంటే మొదట అన్నీ మనమే చేసి, తుంటి దగ్గరకు వచ్చిన నిక్కరును నడుము వరకు లాక్కునే ఒక్క పని బాబుకి వదిలేస్తాం. పని పూర్తయిందన్న సంతోషం వాడిదే అవుతుంది. అది వచ్చాక మోకాళ్ల దగ్గర నుంచి, తర్వాత పాదాల దగ్గర నుంచి. నడుం దగ్గర ఎలాస్టిక్‌లోకి రెండు బొటనవేళ్లు దూర్చి పట్టుకోవడం దగ్గరే చాలామంది పిల్లలు ఆగిపోతారు, వేళ్లలో బలం చాలక. అప్పుడు పిండిముద్దలాంటి పుట్టీ నొక్కడం, బట్టల క్లిప్పులు పెట్టడం లాంటి ఆటలు ప్లాన్‌లోకి వస్తాయి. బయటినుంచి చూసేవాళ్లకు ఊరికే ఆడిస్తున్నట్టు ఉంటుంది, ప్రతి ఆట వెనక ఏదో ఒక నిక్కరు, ఒక బొత్తం, ఒక పెన్సిల్ ఉంటుంది. ఏ ఆట ఎందుకో చెప్పని చోట పని నేర్చుకోలేరు.

ఉయ్యాల సంగతీ అంతే. తాడు, కొక్కెం రోజూ పొద్దున్నే చూసుకోవాలి, కింద మ్యాట్ ఉండాలి. ముందుకూ వెనక్కూ ఊపడం వేరు, గుండ్రంగా తిప్పడం వేరు, ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉన్న పిల్లల్ని థెరపిస్ట్ చెప్పకుండా తిప్పకూడదు. ఊపుతున్నంతసేపూ ముఖం చూస్తూ ఉండాలి, రంగు మారినా, చెమట పట్టినా, ఊరికే ఆవలిస్తున్నా ఆపేయాలి. పూసలు, బోర్డులో గుచ్చే పెగ్గులు లాంటి చిన్న సామాన్లు లెక్కపెట్టి తీసి లెక్కపెట్టి పెట్టాలి, నోట్లో పెట్టుకునే పిల్లలుంటారు.

మరో ముఖ్యమైన సంగతి, మన హద్దు. పిల్లవాడిని పరీక్షించి సమస్య ఏమిటో తేల్చేది, ఏం సాధించాలో నిర్ణయించేది, ప్లాన్ మార్చేది థెరపిస్ట్. ఆ ప్లాన్ ప్రకారం చేయించేది, చూసింది చూసినట్టు రాసేది మనం. తల్లులు గేటు దగ్గర చెయ్యి పట్టుకుని అడుగుతారు, "మేడమ్, మావాడికి మాటలు వస్తాయంటారా, మామూలు స్కూల్లో చేర్చుకుంటారా" అని. ఆ ముఖం చూసి ఏదో ఒక ధైర్యం చెప్పాలనిపిస్తుంది. చెప్పకూడదు. "ఈరోజు ఇది చేశాడమ్మా, మిగతాది మేడమ్‌తో మాట్లాడండి, నేను చెప్పి ఉంచుతాను" అనాలి, నిజంగానే చెప్పి ఉంచాలి.

ఈ హద్దు చెరిపేసే చోట్లు ఉన్నాయి కాబట్టే ఇంత గట్టిగా రాస్తున్నాను. నేను మొదట చేరిన ఒక సెంటర్‌లో, పేరు అనవసరం, చేరిన వారానికే కొత్త అమ్మాయిలకు తలా ఒక గది, తలా కొందరు పిల్లలు అప్పగించేవారు. తల్లిదండ్రులకు థెరపిస్ట్ మేడమ్ అని పరిచయం చేసేవారు. డిగ్రీ ఉన్న థెరపిస్ట్ ఎప్పుడో ఒకసారి వచ్చి ఫైళ్ల మీద సంతకాలు పెట్టి వెళ్లేవారు. నేను అక్కడ మానేశాను. ఆ తల్లిదండ్రులు అప్పు చేసి మరీ సెషన్ ఫీజులు కట్టేవారు, పిల్లల వయసు ఆగదు, నాలుగేళ్ల వయసులో పోగొట్టుకున్న ఏడాదిని ఎవరూ తెచ్చివ్వలేరు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది.

కాబట్టి ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లినప్పుడు ఫీజు ఎంత అన్నది చివర్లో అడగండి. నేర్పేవాళ్లలో బీఓటీ, ఎంఓటీ (అందులో పీజీ) చదివినవాళ్లు ఎందరు, వాళ్ల రిజిస్ట్రేషన్ చూపిస్తారా అని ముందు అడగండి. ప్రాక్టికల్ ఎక్కడ, పిల్లలతో మాత్రమేనా, పెద్దవాళ్లు కూడా ఉంటారా, మా చెల్లి సెషన్ చేయిస్తున్నప్పుడు గదిలో థెరపిస్ట్ ఉంటారా అని అడగండి. సర్టిఫికెట్ ఎవరి పేరు మీద వస్తుంది, వాళ్ల సొంత సంస్థ పేరు మీదా, ప్రభుత్వం గుర్తించిన బోర్డు పేరు మీదా, కాగితం మీద రాసివ్వమనండి. అక్కడ చదివి పనిచేస్తున్న ఇద్దరితో ఫోన్‌లో మాట్లాడించమనండి. "హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్" అన్నారంటే ఏ సెంటర్‌లో, ఏ ఉద్యోగం పేరుతో, ఎంత జీతానికి అని అడగండి, ఎందుకంటే ఆ ప్లేస్‌మెంట్ చాలాసార్లు పిల్లల్ని చూసుకునే ఆయమ్మ పనికో రిసెప్షన్ పనికో ఉంటుంది.

అసలు కోర్సు లేకుండానే చేర్చుకుని నేర్పించే మంచి సెంటర్లు నగరంలో ఉన్నాయి, నేను ఇప్పుడున్నది అలాంటిదే. మొదట్లో చూడటమే పని, తర్వాత మేడమ్ పక్కనుండగా చేయడం, ఆ తర్వాతే కొన్ని భాగాలు సొంతంగా. రోజూ సాయంత్రం నోట్స్ చూసి ఎర్రపెన్నుతో దిద్దేవారు. "బాగా చేశాడు" అని రాస్తే కొట్టేసి "ఏం చేశాడు, ఎంత సాయంతో చేశాడు" అని పక్కన రాసేవారు. జీతం మొదట్లో తక్కువే, ఇంటికి ఆధారం కావాలంటే సరిపోదు. స్కూళ్లు వదిలాకే పిల్లలు వస్తారు కాబట్టి సాయంత్రాలు, ఆదివారాలు పని ఉంటుంది, ఉప్పల్ నుంచి రాత్రి తిరిగొచ్చే దారి కూడా ఆలోచించుకోండి.

ఇంకో దారి కూడా ఉంది, మీకు దగ్గరే. బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేస్తుంది. అక్కడ రెండేళ్ల స్పెషల్ ఎడ్యుకేషన్ డిప్లొమా ఉంది. అది చేస్తే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టర్ అయ్యి సొంత నంబర్ వస్తుంది. అది థెరపిస్ట్ ఉద్యోగం కాదు, టీచర్ ఉద్యోగం, కానీ ఇదే పిల్లలతో పని, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో ఉండే భవిత సెంటర్లు, స్పెషల్ స్కూళ్లు, ప్రైవేటు సెంటర్లు అన్నిచోట్లా ఆ నంబర్‌కి విలువ ఉంటుంది. ఇంటర్ చదివి, ఐదేళ్లు చదవలేని అమ్మాయికి నేనైతే ఆరు నెలల సర్టిఫికెట్ కంటే ముందు దీన్నే చూపిస్తాను.

నిర్ణయం తీసుకునే ముందు మీ చెల్లిని ఏదైనా సెంటర్‌లో అడిగి ఒకట్రెండు రోజులు ఊరికే కూర్చోనివ్వండి. పిల్లల ఏడుపు, ఉమ్మి, తడిసిన డైపర్లు, చేసిన పనే వారాల తరబడి చేయించడం, అవన్నీ చూశాక కూడా రేపు మళ్లీ వెళ్తాను అంటే అప్పుడు మిగతా లెక్కలు వేసుకోండి. ఈలోగా టెన్త్, ఇంటర్ మెమోలు, టీసీ, కుల, ఆదాయ సర్టిఫికెట్లు తీసి ఉంచండి, బీఓటీకైనా డిప్లొమాకైనా నోటిఫికేషన్ వచ్చాక వాటికోసం మీసేవ చుట్టూ తిరిగితే గడువు దాటిపోతుంది. ఇన్‌స్టిట్యూట్ వాళ్లు పై ప్రశ్నలకు ఏమన్నారో కింద రాయండి, చూసి చెప్తాను.